జ్వరం రాని మనిషి

ఒక మాటను ఇన్నేళ్లూ మెడలో నగలా వేసుకు తిరిగాను. ‘మా కోడలికి జ్వరమే రాదు.’ మా అత్తగారు మహాలక్ష్మమ్మ ఏ పేరంటానికి వెళ్లినా ఈ మాట ఒకసారి అనకుండా తిరిగి రాలేదు. బస్తర్ అడవుల అంచున ఉన్న మా కొంటాలో వానలు మొదలయ్యాక ఏ ఇంట్లో చూసినా ఒకరు దుప్పటి ముసుగేసుకుని వణుకుతూ ఉంటారు. అలాంటి ఊళ్లో పన్నెండేళ్లుగా మంచం ఎక్కని కోడలంటే మాటలా? పేరంటాళ్లంతా నావైపు తిరిగి చూసేవాళ్లు. నేను తల దించుకుని తాంబూలం పళ్లేలు సర్దుతూ లోపల్లోపల పొంగిపోయేదాన్ని. ఎద్దును కొనేటప్పుడు కూడా ఇలాగే నాలుగు కాళ్లూ చూసి పొగుడుతారని అప్పుడు తోచలేదు.

పెరట్లో పొయ్యి మీద గంగాళంలో నీళ్లు కాగుతున్నాయి. నా ముందు ఖాళీ బకెట్టు, సబ్బుపొడి, చాప మీద మడతపెట్టిన రెండు దోమతెరలు. ఇవాళ శుక్రవారం. మా ఇంట్లో శుక్రవారం ముందు తెరలూ పక్కబట్టలూ ఉతకాలి, తర్వాత తలస్నానం చేయాలి, ఆ తర్వాత మడి కట్టుకుని పూజ గదిలోకి, వంటింట్లోకి వెళ్లాలి. “నీళ్లు కాగినయా? తెరలు నానబెట్టు, ఎండ పోతది” అని అత్తగారు లోపలి నుంచి రెండుసార్లు కేకేశారు. నేను ఇంకా తెరను నీళ్లలో ముంచలేదు. ఎందుకు ముంచలేదో చెప్పాలంటే మంగళవారం సంగతి చెప్పాలి. మంగళవారం సంగతి చెప్పాలంటే నాకు జ్వరం రాకపోవడం ఎలా మొదలైందో చెప్పాలి.

తర్లగూడలో మా పుట్టింటి వసారాలో పెళ్లిచూపులు జరుగుతుంటే అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, “పిల్లకు జొరాలు వస్తయా?” అని. మా అమ్మ తడుముకోలేదు. “మా పిల్లకా? దీన్ని చూస్తే జొరమే పారిపోతది” అంది. అబద్ధం. ఆ ఏడు నాకు రెండుసార్లు వచ్చింది. గోదావరి అవతలి నుంచి తెప్పించిన మాత్రలు మింగి, రెండు గొంగళ్లు కప్పుకుని పడుకుంటే అమ్మ నా కాళ్ల మీద కూర్చునేది, వణుకు ఆగాలని. ఆ బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక మనిషికి చలి పుడితే ఇంకో మనిషి వచ్చి మీద కూర్చునే ఇల్లు అది.

పెళ్లయిన మొదటి వానాకాలంలో ఈ ఇంట్లో నాకు చలి మొదలైంది. పళ్లు టకటక కొట్టుకుంటుంటే పొయ్యికి దగ్గరగా జరిగి రొట్టెలు కాల్చాను. అత్తగారు నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేశారు. “పుట్టింట్ల రాని జొరం మా ఇంట్లకు వచ్చినంకనే వచ్చిందా? మంచిగ చెప్పింది మీ అమ్మ” అన్నారు. మా ఆయన హరిప్రసాద్ దుకాణంలోంచి లోపలికి తొంగిచూసి, “సరుకు లారీ వచ్చింది, హమాలీలకు చాయ్ పెట్టాలె. ఇయ్యాలనే రావాల్నా నీకు జొరం?” అన్నాడు. తిట్టలేదు. నిజంగానే అడిగాడు, ఇంకో రోజు రాకూడదా అన్నట్టు. నేను చాయ్ పెట్టాను. ఆ తర్వాత మళ్లీ నాకు జ్వరం రాలేదు. రాలేదో, వచ్చినా గుర్తుపట్టడం మానేశానో ఇప్పుడు చెప్పలేను. పలకరించే వాళ్లు లేని ఇంటికి చుట్టం రావడం మానుకున్నట్టు నా ఒంట్లో చలి కూడా పైకి రావడం మానుకుంది. ఒళ్లు నొప్పులు పుడితే చింతపండు గింజలు తీసి తీసి అనుకున్నాను. సాయంత్రానికి కళ్లు మండితే కట్టెల పొగ అనుకున్నాను. అలసట అంటే మోచేయిలాగా మోకాలులాగా అందరికీ పుట్టుకతో ఉండే ఒక అవయవం అనుకున్నాను.

మా ఇంటి ముందు భాగం కిరాణా దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. ముందు గదిలో ఆయన మంచం. మధ్య గదిలో పెద్ద మంచం మీద అత్తగారు, మా అమ్మాయి ప్రవీణ. నేను వంటింట్లో, పెరటి తలుపు పక్కన చాప మీద పడుకుంటాను. నల్లా తెల్లవారుజామున వస్తుంది, నేను లేచిన అలికిడికి ఆయన నిద్ర చెడుతుంది, అందుకని ప్రవీణ పుట్టిన ఏడాదే నా పక్క వంటింట్లోకి మారింది. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు “నీ గాజుల చప్పుడుకు మెలకువొస్తాంది” అన్నాడు, నేనే చాప తీసుకుని వెళ్లాను. రెండేళ్ల కింద ఆస్పత్రి వాళ్లు మందు పట్టించిన దోమతెరలు పంచారు, ఇద్దరికి ఒకటి లెక్కన. నలుగురం కాబట్టి రెండు వచ్చాయి. ఒకటి ఆయన మంచానికి, ఒకటి అత్తగారి మంచానికి కట్టాను. నలుగురూ తెరల్లో పడుకుంటున్నారా అని ఎవరో వచ్చి అడిగితే ఆయన అందరం పడుకుంటాం అని చెప్పాడు. అది కాగితం మీద రాసుకున్నారు. కాగితం మీద నేను రెండేళ్లుగా ఆయన పక్కనే పడుకుంటున్నాను.

తెరలు విప్పిన రోజే అత్తగారు ముక్కు మూసుకున్నారు. “ఎవరెవరి చేతులు తగిలినయో ఏమో, పైనుంచి మందు కంపు. దీని కింద పండి లేచి దేవునికి దండం ఎట్ల పెట్టాలె?” అని సలసల కాగే నీళ్లలో సబ్బుపొడి వేసి ఉతికించారు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఉతుకుతున్నాను. గట్టిగా పిండి, డాబా మీద ఎర్రటి ఎండలో ఆరేస్తాను. కొత్తలో నీలం రంగులో ఉండేవి, ఇప్పుడు పాలవిరుగుడు రంగుకు వచ్చాయి. మా వీధిలో ఇంత తెల్లటి తెరలు ఎవరింట్లోనూ లేవు. ఆ సంగతికి కూడా నేను గర్వపడేదాన్ని.

బస్తర్‌లో మలేరియాను లేకుండా చేయాలని ఇంటింటికీ వచ్చి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేస్తారు. మా ఇంటికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఉదయం పూటే. అత్తగారికి, ఆయనకి, ప్రవీణకి చేశారు. “ఇంకొకరు ఉన్నారు గదా?” అని వాళ్లు అడిగారు. “కోడలు మడిల ఉన్నది, ముట్టరాదు. అయినా దానికి జొరమే రాదు” అని అత్తగారు గుమ్మంలోంచే పంపించేశారు. నేను వంటింట్లో పప్పు తిరగమోత పెడుతూ విన్నాను. పరాయి చెయ్యి తగలకుండా నన్ను కాపాడినట్టే అనిపించింది. అడ్డుచెప్పాలని తోచలేదు. జ్వరం రాని మనిషిని పరీక్ష చేసి ఏం చేస్తారు?

ఈ ఏడు ప్రవీణకు మూడుసార్లు వచ్చింది. ఆషాఢంలో ఒకసారి, రాఖీ పున్నమకు ఒకసారి, మళ్లీ దసరా ముందు. మూడోసారి తొమ్మిదేళ్ల పిల్ల చెయ్యి నా చేతిలో పుల్లలా ఉంది. కళ్ల కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇంకోసారి వస్తే ఒంట్లో రక్తం మిగలదు, జగదల్‌పూర్ తీసుకుపోవాల్సి వస్తుంది అన్నాడు డాక్టరు. మందు వాడితే పోతుంది, నెలా రెండు నెలలకు మళ్లీ వస్తుంది. ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్నకు మా ఇంట్లో జవాబు ముందే సిద్ధంగా ఉంది. కోసే.

కోసే దోర్ల తెగ ఆడమనిషి. ఎర్రబోరు దాటాక అడవి లోపలికి ఉన్న ఊరు. పొద్దున బస్సుకు వచ్చి, పెరట్లో నాతో పాటు కూర్చుని దుకాణానికి వచ్చిన చింతపండు గింజలు తీస్తుంది. ఏడేళ్లుగా మా ఇద్దరి మోకాళ్ల మధ్య ఒకటే చింతపండు కుప్ప. నా దోర్లి మాటలు విని నవ్వీ నవ్వీ నేర్పింది. “అమ్మా, నీకు జొరం రాదంటరు. దోమ కుట్టి నీ రక్తం రుచి చూసి థూ అని ఊసి పోతదేమో. ఒట్టి చింతపండే గద నీ ఒంట్ల” అనేది. ఆమె తప్ప నా ఒంటి గురించి హాస్యమాడిన మనిషి ఈ ఊళ్లో లేదు. ఆమెకు వేరే గ్లాసు, వేరే పళ్లెం, పెరటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. అడవి నుంచి జ్వరాలు మోసుకొస్తుందని అత్తగారు ఆషాఢం నుంచే అంటున్నారు. “అడివిల ఉన్నదంత మన ఇంట్లకు తెచ్చి పోస్తాంది” అంటే నేను “ఊ” కొట్టేదాన్ని. నిజంగా నమ్మి కాదు. ఊ కొట్టడం అలవాటు. తిరగమోతలో ఆవాలు చిటపటలాడినట్టు దానంతటదే వచ్చేస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం మా వార్డు మితానిన్ సుమిత్ర వచ్చింది. మితానిన్ అంటే ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండే కార్యకర్త. ప్రవీణకు మూడోసారి జ్వరం వచ్చిందని విని మొత్తం ఇంటిని మళ్లీ చూడాలని వచ్చింది. అత్తగారు భోంచేసి కునుకు తీస్తున్నారు. నేనూ కోసే పెరట్లో ఉన్నాం. ఆమె పెరటి దారినే వచ్చి మా పక్కన నేల మీద కూర్చుంది. ముందు కోసే చెయ్యి చాచింది. తెల్లటి చిన్న పట్టీ మీద రక్తపు బొట్టు వేసి గోడ నీడన పెట్టింది సుమిత్ర. తర్వాత నావైపు తిరిగి, “అక్కా, నీదెప్పుడు చేసిన్రు జాంచ్, రక్తపరీక్ష?” అంది.

“నాకు జొరం రాదు.”

“రానోళ్లదే చూడాలె అక్కా ముందుగల. ఇయ్యి చెయ్యి.”

కోసే నవ్వింది. “తియ్యి తియ్యి, చింతపండు పులుసు వస్తది సూడు.”

నేను చూపుడు వేలు చాచాను. సుమిత్ర దాన్ని మడిచేసి ఇంకో వేలు పట్టుకుంది. “ఇది కాదు, ఉంగరం వేలు ఇయ్యాలె. చూపుడు వేలుకు పని ఎక్కువ. నొప్పైతే నీకే కష్టం” అంది. నా చేతిలో ఏ వేలికి పని ఎక్కువో లెక్కవేసిన మనిషిని నేను మొదటిసారి చూశాను. సూది గుచ్చినప్పుడు నొప్పి తెలియలేదు.

పావుగంట ఆగాలి అంది. ఆ పావుగంటలో ఆమె పగటిపూట విప్పి డాబా మెట్ల మీద ఎండకు వేసిన తెరల వంక చూసి లేచి వెళ్లింది. బట్టను వేళ్ల మధ్య రుద్దింది, వాసన చూసింది. “వీటిని ఎన్నిసార్లు ఉతికిన్రక్కా?”

“ప్రతి శుక్రవారం. వేడినీళ్లతోటి” అన్నాను. శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

సుమిత్ర తెర అంచును వదిలేసింది. “ఏడాదికి ఒకట్రెండుసార్లు, చల్లనీళ్లతోటి, నీడల ఆరబెట్టాలె. మందు ఉండేదే ఆ దారంల గదా అక్కా. దోమ వచ్చి తెర మీద వాలితే చావాలె. ఇది ఇప్పుడు ఒట్టి గుడ్డ. చిన్న చిరుగు ఉన్నా, చెయ్యి ఆనుకున్నా కుట్టిపోతది.”

వంద శుక్రవారాలు. బిడ్డను కాపాడే మందును ఈ రెండు చేతులతో, నడుము విరిగేలా, వేడినీళ్లు పోసి పోసి కడిగేశాను. చేయకుండా వదిలేసి చెడిన పని అయితే బాధ ఒకలా ఉంటుంది. ఇంత కష్టపడి చేసిన పని ఇది.

పట్టీలు చూసింది. కోసేది ఒక గీత. నాది రెండు.

“ఒక గీతైతే ఏం లేనట్టు, రెండైతే ఉన్నట్టు” అంది సుమిత్ర. నాకు అర్థం కాలేదు. ఒంట్లో ఏమీ లేదే అన్నాను. ఆమె ఇలాంటివి చాలా ఇళ్లలో చెప్పి ఉంటుంది, తొందరపడలేదు. “మళ్ల మళ్ల కుట్టించుకున్న ఒళ్లు అలవాటు పడ్తదక్కా. పురుగు లోపలనే ఉంటది, ఒళ్లు దాంతోటి రాజీ పడి పనిచేసుకుంటది. జొరం రాదు, మంచం ఎక్కరు. దోమ అట్లాంటోళ్లను కుట్టి పోయి పిల్లలను కుడ్తది. పిల్లలకు ఆ అలవాటు ఇంక లేదు గదా, వాళ్లు పడిపోతరు. అందుకే జొరం రానోళ్లను ఎతుకుతం మేము.”

దుకాణంలోంచి ఆయన అప్పుడే వచ్చాడు. గోడ నీడన రెండు పట్టీలు చూశాడు. “ఎవరిది ఈ రెండు గీతలది?” అన్నాడు. సుమిత్ర నావైపు చూసింది. ఆయన కూడా చూశాడు, ఒక్క క్షణం, తర్వాత చూపు కోసే మీదికి తిప్పాడు. సరుకులో పుచ్చు కనబడితే దాన్ని ఏ బస్తాలో కలపాలో ఆలోచించే చూపు అది. నాకు బాగా తెలుసు.

“కోసేది అని రాసుకో” అన్నాడు.

“సేటు, కోసేది ఒకటే గీత...”

“మా ఇంటి ఆడమనిషికి మలేరియా అని రాస్తే బజారంత తెలుస్తది. సరుకు ఎవరు కొంటరు? మందులు ఇచ్చిపో, తింటది. పేరుదేముంది? మీ మరిది మంచిగనే పనిచేస్తాండు మా గోదాంల” అన్నాడు చివర్లో, కుశలం అడిగినట్టు.

సుమిత్ర రాసింది. కోసేకు చదువు రాదు గానీ గీతలు లెక్కపెట్టడం వచ్చు. “నాకొక్కటే గదా గీత?” అంది. “నీకేం ఎరుక?” అన్నాడాయన. అత్తగారు లేచి వచ్చారు. సంగతి సగం విని, “చెప్పలే నేను? అడివి జొరం. రేపటి నుంచి రావద్దను దీన్ని” అన్నారు.

నాకు తెలుగు వచ్చు, హిందీ వచ్చు, హల్బీ వచ్చు, దోర్లి వచ్చు. ఆ మధ్యాహ్నం నాలుగు భాషల్లోనూ నోరు మూసుకున్నాను. తల వంచుకుని గింజలు తీస్తూనే ఉన్నాను. కోసే చేతులు కడుక్కుని, తన గ్లాసు తానే కడిగి బోర్లించి, సంచి భుజానికి వేసుకుంది. గేటు దగ్గర ఆగి దోర్లిలో ఒక మాట అంది. ఆయనకీ అత్తగారికీ అది తెలియదు. “మందులు విడవకుండ తిను అమ్మా, బిడ్డ కోసం” అని. తిట్టి ఉంటే నాకు ఈ మూడు రోజులు తేలిగ్గా గడిచేవి.

మూడు రోజుల మాత్రలు. మొదటిది సుమిత్ర ఎదురుగానే మింగాలి, కడుపులో తిండి ఉండాలి. అందుకని ఈ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి అందరికంటే ముందు నేను తిన్నాను, సుమిత్ర చూస్తుండగా, పెరట్లో నిలబడి. అత్తగారు గ్లాసు వేరే పెట్టమన్నారు. కోసే గ్లాసే అక్కడ బోర్లించి ఉంది, దానిలోనే నీళ్లు తాగాను. “అంటుతదో ఏమో, పక్కన కూసోకు” అన్నారు ఆవిడ. ఆ వెంటనే, “రాత్రికి గోంగూర చెయ్యి” అన్నారు. నా చేతి వంట మాత్రం అంటదు.

ఆయన ఎప్పుడూ దుకాణంలో చెప్పే హాస్యం ఒకటుంది. కుట్టేది ఆడదోమే, మగదోమ పాపం ఆకుల రసం తాగి బతుకుతుంది అని. కొనేవాళ్లంతా నవ్వుతారు. బుధవారం కూడా ఎవరికో చెబుతుంటే లోపలికి వినిపించింది. ప్రవీణ మంచం మీద నుంచి, “అమ్మా, మరి దోమకు జొరం రాదా? మోసుకుంట తిరుగుతది గదా” అంది. నాకు నవ్వు రావాలి. రాలేదు. ఎవరికీ కీడు తలపెట్టకుండా, తన ఆకలి తను తీర్చుకుంటూ, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి చావును మోసే ప్రాణి. దానికి జ్వరం రాదు. నాకూ రాలేదు. మూడుసార్లు నా బిడ్డ ఒంట్లో కాగింది నేను ఒప్పుకోని జ్వరమే.

ఈ మూడు రోజులూ నా ఒంటిని వినడం నేర్చుకుంటున్నాను. గిన్నెలు తోముతూ ఆగి, ఇది నొప్పా అని అడుగుతున్నాను. ఇంకేవేవి నాలో ఇలా రాజీపడి కాపురముంటున్నాయో. ‘నీ గాజుల చప్పుడు’ అన్న రోజు నాకు ఏమీ అనిపించలేదని ఇన్నాళ్లు నమ్మాను. అమ్మ పోయినప్పుడు పదకొండో రోజే పంపించమని కబురు పెడితే వచ్చేసి చింతపండు ముందు కూర్చున్నాను, అప్పుడూ ఏమీ అనిపించలేదు. అలవాటు పడిన ఒళ్లు. గీత గీసి చూస్తే అక్కడ కూడా రెండు కనబడతాయేమో. ఓర్పు అని అందరూ మెచ్చుకున్నది పైకి రాని జ్వరమైతే, అది నాలోనే ఆగి ఉంటుందనుకోవడం నా పిచ్చి. నా ఊ కొట్టడం కోసేను ఇంటికి పంపించింది. రేపు ప్రవీణ ఏ వరండాలోనో పళ్లు బిగబట్టి రొట్టెలు కాలుస్తుంది, మా పిల్లకు జ్వరమే రాదని నేను గర్వంగా చెబుతాను.

నిన్న సాయంత్రం చివరి మాత్ర మింగాను. సుమిత్ర పెరటి గోడ అవతల నుంచి పలకరించింది, లోపలికి రాలేదు. మాత్రలు అయిపోయిన ఖాళీ పట్టీకి శుక్రవారం వస్తానంది, మందు పూర్తిగా వాడినట్టు అది చూపించాలట. కోసే ఎలా ఉందని అడిగాను. “బజార్ల నాలుగిళ్లు తిరిగిందక్కా పని కోసం. జొరం మనిషని ఎవరూ పెట్టుకుంటలేరు” అంది. “వచ్చే నెల మళ్ల జాంచ్ ఉంటది. మందు కొట్టేది, తెరలు ఇచ్చేది, అంత కోసే పేరు మీద వాళ్ల ఊర్లనే చేస్తరు. మీ ఇంటికి ఎవరూ రారు” అంది. ఆ చివరి మాట అనేటప్పుడు ఆమె నా ముఖం చూడలేదు. సిగ్గు ఎవరిదో ఆ చీకటి పడే వేళ ఇద్దరికీ తెలుసు. మా ఇంటికి ఎవరూ రారు. తెరలు ఒట్టి గుడ్డలుగా వేలాడతాయి, నేను తలుపు పక్కన చాప మీద పడుకుంటాను, ప్రవీణకు నాలుగోసారి వస్తుంది. అప్పటికి తిట్టడానికి కోసే ఉండదు. ఇంకెవరినో వెతుకుతారు.

గంగాళం మూత టపటప కొట్టుకుంటోంది. “ఏమే, ఇంక నానబెట్టలే?” మూడోసారి కేక.

దుకాణం వైపు నుంచి సుమిత్ర గొంతు వినిపించింది. “సేటు, ఖాళీ పట్టీ ఇయ్యున్రి.” ఆయన లోపలికి అరిచాడు. “అమ్మా, దాని దగ్గర ఆ పట్టీ తీసుకొనిరా!”

పొయ్యిలోంచి మండే కట్టెలు బయటికి లాగి మట్టి కప్పాను. తెరలను మడతలు విప్పకుండానే తీసుకెళ్లి మధ్య గదిలో ప్రవీణ కాళ్ల దగ్గర పెట్టాను. కొంగున కట్టుకున్న ఖాళీ పట్టీ విప్పి చేతిలో పట్టుకున్నాను. అత్తగారు దాని కోసం చెయ్యి చాచారు. నేను ఆవిడను దాటుకుని దుకాణంలోకి నడిచాను.

“స్నానం లేదు, పానం లేదు! శుక్రారం పొద్దుపొద్దున మైలబట్టల్తోటి గల్లపెట్టె ముందుకా!” అత్తగారి గొంతు నా వెనకే వచ్చింది.

దుకాణంలో నలుగురైదుగురున్నారు. బెల్లం తూస్తున్న ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. “ఏంది? లోపలికి పో” అన్నాడు మెల్లగా, నవ్వు ముఖం పెట్టుకునే.

“సుమిత్రా” అన్నాను. నా గొంతు నాకే ఎక్కువగా వినిపించింది. “నీ ఫారంల కోసే అని రాసి ఉన్నది. ఆ రక్తం నాది. రెండు గీతలు నావి. కోసేకు ఏం లేదు.”

ఆయన కొనేవాళ్ల వైపు తిరిగి నవ్వాడు. “జొరం తలకెక్కినట్టున్నది ఈమెకు” అన్నాడు. పన్నెండేళ్లలో మొదటిసారి నలుగురి ముందు నాకు జ్వరం ఉందని ఒప్పుకున్నాడు. నాకు కోపం కూడా రాలేదు.

సుమిత్ర ఫారాలున్న సంచిని గుండెకు ఆనించుకుంది. ఆయన వైపు చూసింది, గోదాము తలుపు వైపు చూసింది, చివరికి నావైపు. “నోటిమాటతోటి పేరు మార్చరాదక్కా” అంది నెమ్మదిగా. “నీ పేరు మీద మళ్ల జాంచ్ చేయాలె. గోలీలు మింగినా కొన్ని వారాలు గీత కనవడ్తనే ఉంటది. కానీ ఇక్కడ... ఇంతమందిల...” ఆమె చెయ్యి సంచి జిప్పు మీద ఆగిపోయింది.

కొనేవాళ్లు కూర్చోడానికి వేసిన స్టూలు ఒకటి తక్కెడ పక్కన ఉంది. పన్నెండేళ్లలో దాని మీద నేను కూర్చోలేదు. కూర్చున్నాను. ఎడమ చెయ్యి తక్కెడ బల్ల మీద, బెల్లం పొడి మధ్యలో పెట్టి, ఈసారి ఆమె చేత చెప్పించుకోకుండా ఉంగరం వేలే చాచాను.